తాబేటి పిల్లకు వెచ్చని చోటు

తెలుగు నిఘంటువులలో తాబేలుకు పేర్ల కొదవ లేదు. కూర్మం, కమఠం, కచ్ఛపం అనే పదాలు మన కావ్యాలలో విరివిగా కనిపిస్తాయి. క్షీరసాగర మథన వేళ మందర పర్వతాన్ని వీపున మోసినది కూర్మమే. సరస్వతీదేవి వీణకు కచ్ఛపి అని పేరు. స్థితప్రజ్ఞుని లక్షణం చెప్పవలసి వచ్చినపుడు భగవద్గీత, అవయవాలను లోనికి ముడుచుకొనే తాబేలునే ఉపమానంగా గ్రహించింది. పంచతంత్రంలో కర్రను నోట కరచి హంసలతో ఆకాశమార్గాన పయనించిన తాబేలు కథ తెలియని తెలుగు బాలుడు ఉండడు. మన ఊహలో ఇంతటి స్థానం సంపాదించిన ఈ ప్రాణి శరీరధర్మాన్ని గురించి మాత్రం మనకు తెలిసినది స్వల్పం. ఆ తెలియనితనానికి మూల్యం చెల్లిస్తున్నవి తాబేటి పిల్లలు.

తాబేలు తన ఇంటిని తానే మోసుకొని తిరుగుతుందని అంటారు. ఇది సగం సత్యం మాత్రమే. దాని డిప్ప గూడు కాదు. శరీరంలో ఒక భాగం. వెన్నెముక, ప్రక్కటెముకలు ఒకదానితో ఒకటి కలిసిపోయి పైడిప్పగా ఏర్పడతాయి. దానిపైన గోటి పదార్థంతో తయారైన పలకలు పరచుకొని ఉంటాయి. ఆ పలకల క్రింద రక్తం ప్రవహిస్తుంది, స్పర్శ తెలుస్తుంది. డిప్ప నక్క పంటి నుండి కాపాడగలదు కాని చలి నుండి కాపాడలేదు. అది కవచమే కాని కంబళి కాదు. గుడ్డు నుండి అప్పుడే వెలువడిన పిల్లకు ఆ కవచం కూడా పూర్తిగా గట్టిపడి ఉండదు. నక్షత్ర తాబేటి పిల్ల పుట్టినపుడు మన అరచేతిలో నాలుగో వంతు కూడా ఉండదు. కాకి ముక్కుతో పొడిస్తే పగిలిపోయేటంత సుకుమారం.

జంతుశాస్త్రంలో తాబేలును శీతరక్త జీవి అంటారు. ఈ పేరు విని దానికి చల్లదనమంటే ఇష్టమని భ్రమపడేవారు ఉన్నారు. నిజానికి దానికి స్వంత వేడి లేదని మాత్రమే ఆ మాటకు అర్థం. మనం తిన్న అన్నంలోని శక్తిలో అధిక భాగం మన శరీరాన్ని ఎల్లవేళలా 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలపడానికే ఖర్చవుతుంది. తాబేలు ఆ ఖర్చు పెట్టదు. నేల నుండి, గాలి నుండి, ఎండ నుండి వేడిని అరువు తెచ్చుకొంటుంది. అందుకే అది కొద్దిపాటి గడ్డితో రోజులు గడపగలదు. అయితే అరువు దొరకని నాడు దాని జీర్ణక్రియ నిలిచిపోతుంది. కడుపులోని ఆకు అరగక పులిసిపోతుంది. ఊపిరితిత్తులలో చేరిన సూక్ష్మజీవులను ఎదిరించే శక్తి తగ్గిపోతుంది. చలికాలంలో తాబేటి పిల్ల కదలకుండా పడి ఉంటే "నిద్రపోతున్నది, లేపవద్దు" అనుకోవడం పరిపాటి. శీతల దేశాలలోని కొన్ని జాతులకు దీర్ఘనిద్ర ఉన్న మాట నిజమే. నక్షత్ర తాబేలుకు, ఆఫ్రికా జాతి సల్కేటా తాబేలుకు అటువంటి శీతాకాల నిద్ర లేదు. వాటి పిల్ల చలికి కదలక పడి ఉన్నదంటే అది ఆపదలో ఉన్నదని గ్రహించవలెను.

ఇంతకూ మన ఇంట ఏ తాబేలు ఉండవచ్చును? పెంపకం సంగతి తరువాత. ముందుగా తేల్చుకోవలసినది ఇదే. పసుపు గీతలు నక్షత్రాల వలె విచ్చుకొన్న డిప్పతో ఎంతో అందంగా ఉండే నక్షత్ర తాబేలు రాయలసీమ మెట్ట పొదలలో, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రాలలో, గుజరాత్, రాజస్థాన్ ప్రాంతాలలో, శ్రీలంకలో సహజంగా నివసిస్తుంది. ఆ అందమే దానికి శత్రువైనది. 2015లో ప్రచురితమైన ఒక పరిశోధన, దేశంలోని ఒకే ఒక వ్యాపార కేంద్రం ద్వారా ఏడాదిలో కనీసం 55 వేల నక్షత్ర తాబేళ్లు అడవి నుండి తరలిపోతున్నట్లు వెల్లడించింది. 2019లో అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందమైన సైటీస్ దానిని మొదటి అనుబంధంలో చేర్చి, అడవిలో పట్టిన వాటి అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించింది. మన 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం నక్షత్ర తాబేలు మొదటి షెడ్యూలులో ఉన్నది. అనగా పులికి ఉన్న రక్షణే దీనికీ ఉన్నది. దానిని పట్టినా, కొన్నా, ఇంట ఉంచుకొన్నా మూడు నుండి ఏడు సంవత్సరాల జైలు శిక్ష, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా పడవచ్చును. మన చెరువులలో, వరి మళ్లలో కనిపించే, వెనుక కాళ్లను చర్మపు మూతలతో కప్పుకొనే మెత్తని డిప్ప తాబేలు కూడా ఆ మొదటి షెడ్యూలులోనిదే. బావిలో వేస్తే నీరు శుభ్రపడుతుందనో, ఇంట ఉంటే సిరి కలుగుతుందనో దానిని తెచ్చేవారికి ఈ సంగతి తెలియదు.

ఇరవై గోళ్ల తాబేలు ఉంటే గుప్తనిధి దొరుకుతుందని నమ్మబలికి లక్షలు గుంజే మోసగాండ్ర గురించి పత్రికలలో అప్పుడప్పుడు చదువుతుంటాము. నక్షత్ర తాబేలుకు ముందు కాళ్లకు అయిదేసి, వెనుక కాళ్లకు నాలుగేసి, మొత్తం పద్దెనిమిది గోళ్లు ఉంటాయి. మెత్తని డిప్ప తాబేలుకు కాలికి మూడేసి చొప్పున పన్నెండే. లెక్క తెలిసినవారిని మోసగించడం కొంత కష్టం.

ఇక మిగిలినవి విదేశీ జాతులు. సహారా ఎడారి అంచున పుట్టిన సల్కేటా తాబేలు మన నగరాలలోని పెంపుడు జంతువుల దుకాణాలకు చేరింది. ఇది సైటీస్ రెండవ అనుబంధంలోని జాతి. 2024లో వెలువడిన కేంద్ర ప్రభుత్వ నియమాల ప్రకారం ఇటువంటి జీవిని ఉంచుకొన్నవారు పరివేశ్ అనే ప్రభుత్వ వేదికలో నమోదు చేయించి తీరవలెను. కొన్నపుడు రసీదు, పుట్టుక వివరాలు ఇవ్వని దుకాణం నుండి ఏ తాబేలునూ తీసుకొనరాదు. ఈ వ్యాసంలో ఇకపై చెప్పే గృహనిర్మాణ విషయాలు చట్టబద్ధంగా ఇంటికి చేరిన సల్కేటా వంటి మెట్ట తాబేటి పిల్లను దృష్టిలో ఉంచుకొని చెప్పినవి.

ఒకప్పటి కరీంనగర్ జిల్లాలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలను ఉదాహరణగా తీసుకొందాము. 2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు వేరుగా ఏర్పడ్డాయి. కోరుట్ల జగిత్యాల జిల్లాలో ఉన్నది. ఈ మూడు ఊళ్ల వాతావరణం తాబేటి పిల్లకు ఏడాదిలో రెండుసార్లు పరీక్ష పెడుతుంది. మే నెలలో పగటి వేడి 45 డిగ్రీలకు చేరుతుంది. డిసెంబరు, జనవరి నెలల తెల్లవారుజామున చలి 10 డిగ్రీల సమీపానికి దిగివస్తుంది. ఉత్తర తెలంగాణకు మంచి ఎండలు ఉన్నవి కదా, ఆఫ్రికా తాబేలుకు ఇక్కడ చలి ఏమిటని కొందరు వాదిస్తారు. ఆఫ్రికాలో ఆ తాబేలు చలి రాత్రులు నేల లోపలి బొరియలో గడుపుతుంది. బొరియలో నేల పగటి వేడిని దాచి ఉంచుతుంది. మన ఇళ్లలో దానికి దక్కేది సిమెంటు గచ్చు, లేదా నాపరాళ్ల నేల. శీతాకాలపు రాత్రి ఆ గచ్చు మీద చెప్పులు లేకుండా నిలబడి చూస్తే తాబేటి పొట్టకు తగిలే చల్లదనం ఎటువంటిదో మనకు అర్థమవుతుంది.

కాబట్టి మొదటి అవసరం నేల నుండి ఎడంగా ఉండే కర్ర పెట్టె. నాలుగు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు, అడుగుకు పైగా ఎత్తు ఉన్న పెట్టె పిల్లకు మొదటి ఏడాదికి సరిపోతుంది. అద్దాల తొట్టి చూడడానికి బాగుంటుంది కాని పనికిరాదు. అద్దానికి ఆవల కనిపించే దారి అడ్డగించబడి ఉన్నదని తాబేలుకు బోధపడదు. రోజంతా గోడను నెట్టుకుంటూ అలసిపోతుంది. పెట్టెలో మూడు అంగుళాల మందాన ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు కలిపి పరచవలెను. మన ప్రాంతంలో సులభంగా దొరుకుతుంది గదా అని వరి ఊక పోయరాదు. దాని ధూళి కళ్లలో, ముక్కులో చేరుతుంది. ఒక మూల బోర్లించిన సగం పగిలిన కుండ ఉంచితే, అంచులు గీసుకోకుండా అరగదీస్తే, అంతకంటె మంచి గుహ మరొకటి లేదు. మట్టికుండ లోపల తేమ నిలుస్తుంది, చీకటి ఉంటుంది, భయం తీరుతుంది.

పెట్టె అంతటా ఒకే వేడి ఉండరాదు. ఈ ఒక్క సూత్రం తెలియకనే చాలామంది పొరబడుతున్నారు. ఒక కొస 32 నుండి 35 డిగ్రీలు, రెండవ కొస 25, 26 డిగ్రీలు ఉండవలెను. వేడి కావలసినపుడు ఒక వైపుకు, చాలనుకొన్నపుడు మరొక వైపుకు తాబేలు తానే నడిచి వెళ్లి తన శరీరాన్ని సరిదిద్దుకొంటుంది. దాని శరీరం చేయలేని పనిని దాని కాళ్లు చేస్తాయి. రాత్రి వేళ ఎక్కడా 22 డిగ్రీలకు తగ్గకుండా చూడవలెను. ఉష్ణమాపకాన్ని గోడకు పైన తగిలిస్తే ప్రయోజనం లేదు. తాబేటి వీపు ఎత్తున, రెండు కొసలా ఒక్కొక్కటి ఉంచవలెను.

వేడి ఎప్పుడూ పై నుండి రావలెను. ఎండ పై నుండి వస్తుంది కనుక వేడి వీపుకు తగిలినపుడు ప్రక్కకు తప్పుకోవడం తాబేలుకు సహజంగా తెలుసు. క్రింద పరచిన విద్యుత్ చాప మీద పొట్ట కాలుతున్నా లేవక పడి ఉండవచ్చును. పెట్టెకు ఒక కొసన, అడుగు ఎత్తున, పాత రకపు తీగ బల్బు 60 వాట్లది వేలాడదీసి, ఉష్ణమాపకం చెప్పిన దానిని బట్టి పైకో క్రిందికో జరపవచ్చును. ఇప్పుడు ఇంటింటా వెలుగుతున్న ఎల్.ఇ.డి. బల్బు ఇందుకు అక్కరకు రాదు. అది వెలుగును మాత్రమే ఇస్తుంది, వేడి ఇవ్వదు. రాత్రి అంతా వెలుగు ఉంటే పిల్లకు నిద్ర ఉండదు కనుక, వెలుగు లేక వేడి మాత్రమే ఇచ్చే పింగాణీ హీటరు వాడుట మేలు. కరెంటు పోయిన రాత్రి సీసాలో వేడినీరు నింపి, మందపాటి గుడ్డ చుట్టి, కుండ గుహకు ఆనించి ఉంచితే కొన్ని గంటలు గడుస్తాయి.

బల్బు వేడి ఎండకు పూర్తిగా ప్రత్యామ్నాయం కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మంపై పడినపుడే డి విటమిన్ తయారవుతుంది. అది లేకపోతే తిన్న సున్నపు పదార్థం ఎముకకు పట్టదు. డిప్ప మెత్తబడుతుంది, కాళ్లు వంకరపోతాయి. కిటికీ అద్దం ఆ కిరణాలలో ముఖ్యమైన వాటిని అడ్డగిస్తుంది. అందువల్ల అద్దం వెనుక నుండి పడే ఎండ కంటికి ఎండే కాని ఎముకకు కాదు. చలికాలంలో ఉదయం ఎనిమిది గంటల తరువాత అరగంట సేపు ఆరుబయట, సగం నీడ ఉండే విధంగా ఉంచితే చాలును. వేసవిలో ఎండ ముదరక మునుపే లోనికి తేవలెను. చలి నెమ్మదిగా చంపుతుంది. ఎండ అరగంటలో చంపుతుంది. శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటిన తాబేలు బ్రతకడం కష్టం. మేడమీది స్లాబు, రేకుల షెడ్డు మే నెల మధ్యాహ్నం ఎటువంటి పొయ్యిలో మనకు తెలియనిది కాదు.

భద్రత విషయంలో ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క సమస్య. జగిత్యాల జిల్లాలో కొండగట్టు చుట్టుప్రక్కల కోతుల గుంపులను ఎరుగనివారు లేరు. కోతి చేతికి చిక్కిన తాబేటి పిల్ల ఒక ఆటవస్తువు. మేడ మీద నుండి జారవిడిచినా దానికి పట్టింపు లేదు. ఆరుబయట ఉంచినపుడు పెట్టెకు ఇనుప జాలీ మూత, దానికి గడియ తప్పనిసరి. కాకులు, పిల్లులు, కుక్కలు అన్ని ఊళ్లలోనూ ఉన్నవే. పందికొక్కు మాత్రం నేల తవ్వుకొని వస్తుంది కాబట్టి పెరటిలో ఆవరణ కట్టేవారు ఇటుకలను అడుగు లోతు వరకు దించవలెను. తవ్వడంలో సల్కేటా కూడా తక్కువది కాదు. సిరిసిల్లలో మరొక ప్రమాదం ఉన్నది. మరమగ్గాలు నడిచే ఇళ్లలో, వాటి పరిసరాలలో నూలు పోగులు గాలికి కొట్టుకొని వస్తుంటాయి. ఒక్క పోగు కాలికి చుట్టుకొని బిగిస్తే రక్తప్రసారం ఆగి కాలే కుళ్లిపోవచ్చును. ఆకుతో పాటు మింగితే ప్రేగులకు అడ్డుపడుతుంది. అటువంటి ఇంట పెట్టెను ప్రతిదినం చేతితో తడిమి పోగులు ఏరివేయడం మేత పెట్టడమంత ముఖ్యం.

మేత గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. గరిక, పచ్చిగడ్డి, మందార ఆకులు, పూలు, ముళ్లు తీసిన నాగజెముడు మట్టలు, అప్పుడప్పుడు మునగాకు చాలును. పొలం గట్టు గడ్డి అయితే పురుగుమందు పడలేదని నిశ్చయించుకొని తేవలెను. అన్నం, పాలు, రొట్టె ప్రేమతో పెట్టినా విషంతో సమానం. సున్నపు కొరతకు సముద్రపు నురుగు ముక్క ఒకటి పెట్టెలో పడవేస్తే అదే కొరుక్కొంటుంది. నీటి సంగతి మాత్రం మరువరాదు. మెట్ట జీవి గదా, నీరెందుకని ఊరుకొనేవారే ఎక్కువ. పిల్లను దినం విడిచి దినం పావుగంట సేపు గడ్డం మునగని గోరువెచ్చని నీటిలో ఉంచవలెను. సల్కేటా పిల్లల డిప్ప గుట్టలు గుట్టలుగా పైకి లేచి వికారంగా పెరగడానికి మాంసకృత్తుల ఎక్కువే కారణమని చాలాకాలం నమ్మినారు. 2003లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, పొడి గాలిలో పెరిగిన పిల్లలకే ఆ గుట్టలు ఎక్కువగా వచ్చినట్లు, మేత ప్రభావం స్వల్పమైనట్లు తేలింది. తడి కుండ గుహ ఎందుకో ఇప్పుడు తెలిసినది కదా. అయితే తేమకు వెచ్చదనం తోడు ఉండవలెను. తేమ, చలి కలిస్తే న్యుమోనియా.

ముక్కు నుండి బుడగలు, తెరచిన నోరు, వాచి మూతపడిన కళ్లు, వేలితో నొక్కితే లొంగే డిప్ప: వీటిలో ఏది కనిపించినా వంటింటి వైద్యం మానుకొని పశువైద్యుని వద్దకు తీసుకొని పోవలెను. ఈ విషయంలో కోరుట్ల ప్రాంతం అదృష్టవంతమైనది. పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన పశువైద్య కళాశాల ఆ ఊరిలో ఉన్నది. ఇంట్లోని పసిపిల్లల ఆరోగ్యం కూడా ఇక్కడే చెప్పుకోవలెను. తాబేళ్ల శరీరంపై సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చును. చిన్న తాబేళ్లను నోట పెట్టుకొనే పిల్లలు జబ్బుపడుతున్నారని, నాలుగు అంగుళాల కంటె చిన్న డిప్ప గల తాబేళ్ల అమ్మకాన్ని అమెరికా 1975లో నిషేధించింది. ముట్టుకొన్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవడం తేలికైన పని.

వేసవిలో చెరువు పూడిక తీసేటపుడు బురదలో దాగిన తాబేలు బయటపడడం కద్దు. దానికి పెట్టె, బల్బు అక్కరలేదు. బురదే దాని వేసవి గూడు. ఆ చెరువులోనే పని జరగని ఒడ్డున నీటిలో విడిచిపెట్టవలెను; గాయపడితే అటవీశాఖ వారికి అప్పగించవలెను. వేరొక ఊరి చెరువులో వదలడం మేలనిపించినా మేలు కాదు. ఒకచోటి జబ్బులు మరొకచోటికి చేరుతాయి, జాతుల వంశధారలు కలగాపులగమవుతాయి. సింగపూర్‌లో పట్టుబడి తిరిగి మన దేశానికి చేరిన నక్షత్ర తాబేళ్ల విషయంలో ఈ చిక్కే ఎదురైనది. అవి ఏ ప్రాంతపు అడవివో తెలియనిదే ఎక్కడ విడవాలో తెలియదు. అందుకై హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు వాటి జన్యువులను పరీక్షించి, ఆ ఫలితాలను 2006లో ప్రచురించారు. ఒక తాబేలును సంచిలో వేసుకొని పోవడం క్షణం పని. దాని ఊరు కనుక్కోవడానికి ప్రయోగశాల కావలసి వచ్చినది.

భక్తి ఒక్కటే చాలదని శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం చెబుతున్నది. కూర్మావతారాన్ని పూజించే ఆ క్షేత్రంలో నక్షత్ర తాబేళ్లను ఆవరణలో ఉంచి పోషించడం, భక్తులు వాటికి ఆకుకూరలు పెట్టడం ఎంతోకాలంగా ఉన్నది. 2025 ఏప్రిల్‌లో అక్కడ కొన్ని తాబేళ్లు మరణించిన వార్త రాష్ట్రమంతటా ఆవేదన కలిగించినది. దేవుని ప్రతిరూపమని చేతులు జోడించే చోట సైతం నీడ, నేల, మేత, వైద్యం లెక్కప్రకారం అందవలసిందే.

చివరిగా కాలం సంగతి. హైదరాబాదు నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో చాణక్య అనే గలాపగోస్ తాబేలు ఉండేది. 1963లో ఆ ప్రదర్శనశాల ఏర్పడినపుడు దానిని బాగ్-ఎ-ఆమ్ నుండి అక్కడికి తరలించారు. 2024 మార్చిలో అది మరణించే నాటికి దాని వయస్సు సుమారు 125 సంవత్సరాలని అధికారులు తెలిపారు. దానిని చూచుకొన్నవారిలో ఎందరో ఉద్యోగ విరమణ చేసి వెళ్లిపోయి ఉంటారు. దుకాణంలో అగ్గిపెట్టె అంత కనిపించే సల్కేటా పిల్ల కూడా పెరిగి యాభై కిలోలకు చేరగలదు. డెబ్బై ఏళ్లు బ్రతకగలదు. నాలుగు అడుగుల పెట్టె అప్పటికి ఎందుకూ కొరగాదు; పెరడంతా కావలసి వస్తుంది. ఇంటర్మీడియట్ చదివే విద్యార్థి దానిని తెచ్చినట్లయితే, రెండేళ్ల తరువాత తాను పై చదువుకు హైదరాబాదుకో వరంగల్లుకో వెళ్లినపుడు చలి రాత్రులలో ఆ బల్బు ఎవరు చూస్తారో తెచ్చే ముందే ఇంటివారితో మాట్లాడుకోవలెను. ఉంచుకోలేని పరిస్థితి వస్తే అటవీశాఖకు తెలిపి, నియమం ప్రకారం మరొకరికి అప్పగించవలెను. మానేరులోనో ధర్మపురి వద్ద గోదావరిలోనో వదిలిపెట్టరాదు. సల్కేటాకు ఈత రాదు.